జోలె పట్టుకుని హేడ్రియన్ గోడ వెంట: నా అనుభవం

నేను న్యూకాసిల్‌లో ఒక ప్రైమరీ స్కూల్లో టీచింగ్ అసిస్టెంట్‌ని. 2024 సెప్టెంబర్‌లో మా క్లాసుకి తొమ్మిదేళ్ళ సిరియా పిల్లవాడు వచ్చాడు. పేరు చెప్పను, చెప్పకూడదు కూడా. ఇక్కడ రాసిన సంగతుల వరకు వాళ్ళమ్మ సరేనంది. ఇంగ్లండ్ వచ్చేదాకా వాడు బడి మొహం చూడలేదు. లెబనాన్‌లో బీరూట్ వీధుల్లో టిష్యూ పేపర్ ప్యాకెట్లు అమ్మేవాడట.

జనవరిలో ఒకరోజు పిల్లల్ని మ్యూజియంకి తీసుకెళ్ళే లెక్క చూస్తున్నాం. మనిషికి నాలుగున్నర పౌండ్లు, 27 మంది. టీచరమ్మ కాలిక్యులేటర్ తీసేలోపే వాడు "నూట ఇరవై ఒకటిన్నర" అన్నాడు. క్లాసంతా వాడి వైపు తిరిగింది. టీచరమ్మ సంతోషంగా "అయితే బోర్డు మీద రాయి" అంది. వాడు లేవలేదు. కుడిచెయ్యి బల్ల కిందకి దాచుకున్నాడు. అంకెలు రాయడం వాడికి రాదు.

ఆ దాచుకున్న చెయ్యి నన్ను వారం రోజులు వదల్లేదు. యుద్ధం అంటే బాంబులు, శిథిలాలు అనే తెలుసు నాకు. ఒక పిల్లవాడి చేతికి పెన్సిల్ అందకుండా మూడు నాలుగేళ్ళు గడిచిపోవడం కూడా అందులో భాగమేనని అప్పుడు అర్థమైంది. అలాంటి పిల్లల కోసం ఏదైనా చెయ్యాలనిపించింది. ఇక్కడ మంచి పనికి డబ్బు పోగుచేయడానికి జనం నడుస్తారు, పరిగెత్తుతారు, గుండు చేయించుకుంటారు. అది చూసి తెలిసినవాళ్ళు విరాళాలిస్తారు. నాకు చేతనైంది నడవడమే. రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ వెంట పోయే నడక దారి మా ఊరికి ఆనుకునే మొదలవుతుంది. వాల్‌సెండ్ నుంచి బోనెస్ ఆన్ సాల్వే దాకా, తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి 84 మైళ్ళు. మే చివర హాఫ్ టర్మ్ సెలవులు. అంతకు మించి నాకు సెలవు దొరకదు. కాబట్టి మే 24 శనివారం నుంచి 30 శుక్రవారం దాకా, ఏడు రోజులు అని ఖాయం చేసుకున్నాను.

మా ఆయన మొదట అడిగిన ప్రశ్న: "బసలకీ బూట్లకీ పెట్టే ఖర్చేదో నేరుగా వాళ్ళకే పంపెయ్యొచ్చు కదా?" నాకు కోపం వచ్చింది గానీ అడగాల్సిన ప్రశ్నే. ఇలాంటి నడక తలపెట్టేవాళ్ళు ముందే ఆ లెక్క వేసుకోవాలి. నాకు చివరికి ఎంతైందో కిందే రాస్తాను. ఒక్క నియమం మాత్రం మొదటి రోజే పెట్టుకున్నాను: నా ఖర్చు మొత్తం నా జీతంలోంచే. వచ్చిన విరాళంలో పెన్నీ ముట్టను.

డబ్బు ఎవరికివ్వాలన్నది తేల్చుకోవడానికి పది రోజులు పట్టింది. చివరికి పిల్లలకి సాయం చేసే సేవ్ ది చిల్డ్రన్ సంస్థకి అనుకున్నాను. కారణం ఒక పాత కథ. మొదటి ప్రపంచ యుద్ధం ఆగినా గెలిచిన దేశాల దిగ్బంధం వల్ల ఆస్ట్రియా, జర్మనీ పిల్లలు ఆకలితో మాడుతుంటే, ఎగ్లాంటైన్ జెబ్ అనే ఆవిడ 1919లో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నిలబడి ఆ పిల్లల ఫొటోతో కరపత్రాలు పంచింది. శత్రుదేశం పిల్లల కోసం! అనుమతి లేదని అరెస్టు చేశారు, కోర్టు 5 పౌండ్ల జరిమానా వేసింది. ఆమెకు వ్యతిరేకంగా వాదించిన లాయరే ఆ 5 పౌండ్లూ ఆమె చేతికిచ్చాడు. ఆ సంవత్సరమే ఆమె, ఆమె చెల్లెలు కలిసి ఈ సంస్థ పెట్టారు.

ఫిబ్రవరి 2, ఆదివారం, ఆన్‌లైన్ పేజీ తెరిచాను. లక్ష్యం వెయ్యి పౌండ్లు. పేజీలో ముందు యూనిసెఫ్ లెక్క రాశాను: ప్రపంచంలో 47 కోట్ల మందికి పైగా పిల్లలు యుద్ధాలూ ఘర్షణలూ జరిగే చోట్ల బతుకుతున్నారని, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరికంటే ఎక్కువని. చదివిన మా అమ్మాయి "అమ్మా, ఇది పరీక్ష పేపర్లా ఉంది" అంది. అది తీసేసి, ఏ వివరాలూ లేకుండా, బల్ల కింద దాచుకున్న చెయ్యి గురించి నాలుగు వాక్యాలు రాశాను. ఆ మార్పు చేసిన రోజే నాకు పరిచయం లేని ఒకావిడ 10 పౌండ్లు వేసింది. 47 కోట్లు మనసుకి అందదు, ఒక చెయ్యి అందుతుంది.

అయినా మొదటి వారం మొత్తానికి విరాళం ఇచ్చినవాళ్ళు ముగ్గురే. అందులో ఒకరు మా ఆయన. తప్పు నాదే. లింకు ఎవరికీ పంపలేదు. వాట్సాప్‌లో టైప్ చేస్తాను, చెరిపేస్తాను. మనవాళ్ళ దగ్గర డబ్బు అడగడమంటే ప్రాణం మీదకొచ్చినట్టుండేది. పెళ్ళికి పిలవమంటే వందమందిని పిలుస్తాను గానీ, ఒక్కరిని ఐదు పౌండ్లు అడగడానికి నోరు పెగల్లేదు.

ఆ మాటే ఫోన్లో అమ్మతో అన్నాను. మాది దివిసీమ. 1977 నవంబర్ 19 ఉప్పెనకి అమ్మకి పదకొండేళ్ళు. ఎప్పుడూ దాని గురించి ఎక్కువ మాట్లాడదు. ఆ రోజు మాత్రం ఇలా అంది: "శిబిరంలో నాకొక పచ్చ గౌను ఇచ్చారే. ఎవరిదో తెలీదు. కాస్త పెద్దదైంది, నడుముకి తాడు కట్టుకున్నా. అప్పుడు ఎన్టీఆరూ నాగేశ్వర్రావూ అంతటివాళ్ళు జోలె పట్టుకుని ఊళ్ళు తిరిగారు. వాళ్ళకి లేని సిగ్గు నీకెందుకు తల్లీ?" నేను ఏమీ మాట్లాడలేకపోయాను. నలభై ఏళ్ళ వయసులో మొదటిసారి విన్నాను ఆ పచ్చ గౌను సంగతి. అదే రాత్రి 140 మందికి లింకు పంపాను.

తర్వాత జరిగినవి రకరకాలు. ఒక తెలుగు గ్రూపులో ఒకాయన "మన పిల్లలు లేరా? అయినా ఎవరి వైపు పిల్లలకి?" అని అడిగాడు. ఇంకొకాయన అందుకున్నాడు. అరగంటలో అది రాజకీయం అయిపోయింది. నాకు చేతులు వణికాయి, టెన్షన్‌తో ఫోన్ పక్కన పడేశాను. పొద్దున్నే చూస్తే ఆ గొడవలో ఒక్కమాట కూడా మాట్లాడని ఒక పెద్దాయన, కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న రిటైర్డ్ మాస్టారు, 20 పౌండ్లు వేసి "నడువమ్మా" అని రాశారు. ఇస్తారని గట్టిగా నమ్మినవాళ్ళలో సగం మంది ఇవ్వలేదు. అసలు అనుకోనివాళ్ళు ఇచ్చారు. స్కూలు గేటు దగ్గర ట్రాఫిక్ ఆపే పెద్దావిడ కవర్లో ఐదు పౌండ్ల నోటు పెట్టి ఇచ్చింది.

ఇక ఎవరూ ముందు చెప్పని డబ్బు చిక్కులు. ఇక్కడ పన్ను కట్టేవాళ్ళు గిఫ్ట్ ఎయిడ్ టిక్ పెడితే పౌండుకి 25 పెన్స్ ప్రభుత్వం కలుపుతుంది. ఇండియా నుంచి ఇచ్చేవాళ్ళకి అది వర్తించదు, టిక్ పెట్టొద్దని వాళ్ళకి ముందే చెప్పాలి. పేజీలో విరాళంతో పాటు ఆ వెబ్‌సైటు వాళ్ళకి 'టిప్' కూడా దానంతటదే చేరిపోతుంది. దాన్ని సున్నాకి జరుపుకోవచ్చని చాలామందికి తెలీదు. ఒక స్నేహితురాలు "నేను 20 అనుకుంటే ఎక్కువ పోయిందే" అని బాధపడింది. అప్పటినుంచి లింకుతో పాటు ఆ మాట కూడా రాశాను. ఇండియా కార్డుల్లో విదేశీ లావాదేవీలు బ్యాంక్ యాప్‌లో ఆన్ చేసుకుంటే తప్ప పనిచేయవు. మా బావగారు నాలుగుసార్లు ప్రయత్నించి వదిలేశారు. చివరికి అమ్మే ఒక నోటు పుస్తకం పెట్టి వీధిలో పోగుచేసింది. 50, 100, ఒకచోట 500. మొత్తం 18,500 రూపాయలు. ఆ డబ్బు అమ్మ దగ్గరే ఉంచి, దానికి సరిపడా 161 పౌండ్లు నా ఖాతాలోంచి పేజీలో వేశాను. ఇక్కడొక జాగ్రత్త: వేసింది నా కార్డుతోనే అయినా ఆ డబ్బు నాది కాదు కాబట్టి గిఫ్ట్ ఎయిడ్ టిక్ పెట్టకూడదు.

మార్చి 28న స్కూల్లో యూనిఫాం లేని రోజు పెట్టారు. పిల్లలు తలా ఒక పౌండు తెచ్చారు. 214 పౌండ్లు, దాదాపు అంతా చిల్లర. బ్యాంకుకి తీసుకెళ్తే విడిగా సంచుల్లో వేసి రమ్మన్నారు: పౌండు బిళ్ళలు 20 పౌండ్లకి ఒక సంచి, 50 పెన్సులూ 20 పెన్సులూ 10 పౌండ్లకి, 10 పెన్సులు 5 పౌండ్లకి, రాగి పెన్నీలు పౌండుకి. సాయంత్రం మా అమ్మాయీ నేనూ నేల మీద కూర్చుని రెండు గంటలు ఏరాం. సిటీ మధ్యలో డబ్బా పట్టుకుని నిలబడదామనీ అనుకున్నాను గానీ దానికి కౌన్సిల్ పర్మిట్ ముందే తీసుకోవాలట, వదిలేశాను.

ప్రాక్టీసు గురించి ఎక్కువ చెప్పను. శనివారం ఎనిమిది మైళ్ళు, ఆదివారం పది. కొత్త బూట్లు ఫిబ్రవరిలోనే కొనడం నేను చేసిన తెలివైన పని.

మే 24 ఉదయం ఏడున్నరకి వాల్‌సెండ్. మొదటి రోజు 15 మైళ్ళూ దాదాపు ఊళ్ళోనే, టైన్ నది పక్కన. మా ఆయన, మా అమ్మాయి న్యూబర్న్ దాకా నాతో నడిచారు. ముగ్గురం నది ఒడ్డున కూర్చుని పులిహోర తిన్నాం. గోడ కోసం వెళ్ళి గోడ చూడకుండానే రోజు గడిచింది. సాయంత్రం హెడన్ నుంచి బస్సెక్కి ఇంటికొచ్చి నా మంచం మీదే పడుకున్నాను.

రెండో రోజు నుంచి ఒంటరిని. హెడన్ నుంచి చాలర్‌ఫోర్డ్ దాకా ఇంకో 15 మైళ్ళు, పాత మిలిటరీ రోడ్డు పక్కనే, ఎదురుగాలి. మధ్యాహ్నానికి ఎడమ మడమ మీద బొబ్బ లేచింది. మంట మొదలవగానే ఆగి ప్లాస్టర్ వేసుకోవాల్సింది, ఇంకో మైలు ఇంకో మైలు అనుకుంటూ పోయాను. సాయంత్రానికి అది చితికి సాక్సుకి అంటుకుంది. దారిలో కొట్లు లేవు. ఒక పొలం గేటు దగ్గర డబ్బాలో చల్లటి డ్రింకులు, పక్కన డబ్బులు వేసే పెట్టె, మనిషి లేడు. నేను నాణెం వేసి అక్కడే గడ్డిలో కూర్చున్నాను. ఆ రాత్రి బసలో సంచి బరువు చూసి ఇంటి యజమానురాలే చెప్పింది, పదేసి పౌండ్లకి సంచుల్ని ఒక బస నుంచి ఇంకో బసకి వ్యాన్‌లో చేరుస్తారని. మూడో రోజు నుంచి కార్లైల్ దాకా అదే చేశాను. నలభై పౌండ్లు, ఒక్క పెన్నీ కూడా దండగ కాదు.

మూడో రోజు గోడ నిజంగా మొదలైంది. సూయింగ్‌షీల్డ్స్ గుట్టల మీద ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. 2023 సెప్టెంబర్‌లో రాత్రికి రాత్రి ఎవరో నరికేసిన, ఈ గోడ పక్కన ఎంతో పేరున్న సైకమోర్ చెట్టు మొదలు చూశాను. చుట్టూ చిగుళ్ళున్నాయి. నాలుగైదుగురు అక్కడ ఊరికే నిలబడి ఉన్నారు, ఎవరూ మాట్లాడటం లేదు. అక్కడ సిగ్నల్ రాగానే ఫోన్ మోగింది: పేజీ వెయ్యి దాటింది. ఆ రోజు పొద్దున నేను పెట్టిన కాలి బొబ్బ ఫొటో చూసి పద్దెనిమిది మంది ఇచ్చారు. మూడు నెలలుగా మర్యాదగా అడిగినదానికంటే ఆ ఒక్క ఫొటో ఎక్కువ తెచ్చింది. నొప్పి కళ్ళకి కనబడితేనే చెయ్యి కదులుతుందా అని కాస్త బాధ కూడా వేసింది.

నాలుగో రోజు, మే 27, ఈ నడకలో నాకు మిగిలిపోయిన రోజు. విన్‌షీల్డ్స్ శిఖరం, 345 మీటర్లు, ఈ దారి మొత్తానికి ఎత్తైన చోటు. అక్కడ వాన పట్టుకుంది. తడిసి ముద్దై మధ్యాహ్నానికి వాల్‌టౌన్ దగ్గర రోమన్ ఆర్మీ మ్యూజియంలోకి వెళ్ళాను, కాస్త వేడి టీ తాగొచ్చని. పక్కనే మాగ్నా అనే పాత కోట స్థలం. మ్యూజియంలో బోర్డు మీద రాసినది చదువుతుంటే ఒక మాట దగ్గర ఆగిపోయాను. పంతొమ్మిది వందల ఏళ్ళ కిందట ఈ కోటకి కాపలా ఉన్నది హామియన్ విలుకాళ్ళ దళం. హామా నుంచి వచ్చినవాళ్ళు. సిరియాలోని హామా.

మా క్లాసు పిల్లవాడి వాళ్ళమ్మది హామా. ఫోన్లో నాకు వాళ్ళ ఊరి నది మీద తిరిగే పెద్ద పెద్ద చెక్క నీటి చక్రాలు చూపించింది. "మీరు చూడాలి, రాత్రిళ్ళు వాటి మూలుగు వింటూ నిద్రపోయేవాళ్ళం" అంది. ఆ ఊరి మనుషులు ఇదే వానలో, ఇదే గాలిలో, ఈ గుట్ట మీద నిలబడి కాపలా కాశారు. తమ దేవత కోసం ఇక్కడ రాతి మీద అక్షరాలు కూడా చెక్కించారు. వాడు ఈ దేశానికి కొత్తవాడని నేననుకున్నాను. టీ చల్లారిపోయింది. ఆ బోర్డు ఫొటో తీసి వాళ్ళమ్మకి పంపాను. రాత్రి గిల్స్‌లాండ్ బసలో ఉండగా జవాబు వచ్చింది: చదివి వినిపిస్తే వాడు "వాళ్ళకి చలి వేసిందా?" అని అడిగాడట.

ఐదో రోజు వాల్టన్ దాకా, ఆరో రోజు కార్లైల్. పొలాలు, గేట్లు, దూడలతో ఉన్న ఆవుల మందలు. దూడకీ తల్లికీ మధ్యలోంచి పోకూడదు, చుట్టూ తిరిగి వెళ్ళాలి. ఐదో రోజు మధ్యాహ్నం ఏ కారణం లేకుండా ఏడ్చాను. ఒంటరిగా నడిస్తే నాలుగైదు రోజులకి ఇలా అవుతుందని తర్వాత ఇద్దరు ముగ్గురు చెప్పారు.

చివరి రోజు 15 మైళ్ళు. బర్గ్ దాటాక దారి సాల్వే తీరంలో ఉప్పు మడుగుల పక్కన పోతుంది. సముద్రం పోటు మీద ఉంటే రోడ్డే మునిగిపోతుంది. ముందు రోజు రాత్రి అమ్మకి ఈ మాట చెబితే వెంటనే "మొన్నే అమావాస్య పోయింది, పోటు పెద్దగా ఉంటుంది, చూసుకుని వెళ్ళవే" అంది. దివిసీమలో కూర్చుని ఇంగ్లండ్ సముద్రం లెక్క చెప్పింది! పోటు పట్టిక చూస్తే నిజమే, పెద్ద పోటు మధ్యాహ్నానికి ఉంది. కార్లైల్‌లో పొద్దున ఆరింటికే బయలుదేరి, నీళ్ళు రాకముందే ఆ రోడ్డు దాటాను. వెనక్కి తిరిగి చూస్తే కాలవల్లోకి నీరు నిశ్శబ్దంగా పాకుతోంది. అమ్మ గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. రెండు గంటలకి బోనెస్. మా ఆయన, మా అమ్మాయి కారులో వచ్చి ఎదురు చూస్తున్నారు. నేను చెయ్యి ఊపి అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. బూట్లు విప్పడానికి మా అమ్మాయి సాయం పట్టింది.

నా ఖర్చు: బూట్లు 95, వాన జాకెట్ 60, ఐదు రాత్రుల బసకి 358, తిండికి 112, సంచి మోతకి 40, బస్సులూ రైలూ 22, ప్లాస్టర్లూ మందులూ 19. మొత్తం 706 పౌండ్లు. పేజీలో చేరింది 2,172. అందులో 1,584 మీద గిఫ్ట్ ఎయిడ్ 396 కలిసింది. అంతా కలిపి 2,568 పౌండ్లు. మా ఆయన ప్రశ్నకి ఇదీ జవాబు. 706 నేరుగా పంపి ఉంటే 706తోనే ఆగేది. పేజీని జూన్ 30న మూసేశాను. నడక అయ్యాక ఆ నెల రోజుల్లో కూడా పదకొండు మంది ఇచ్చారు, కాబట్టి నడక అవగానే మూసెయ్యొద్దు. ఎడమ కాలి బొటనవేలి గోరు జూలైలో ఊడింది.

నడిచింది ఎవరి కోసమో నేను ఆ పిల్లవాడికి చెప్పలేదు. తన మీద జాలితో చేశానని వాడికి ఎప్పుడూ అనిపించకూడదు. పిల్లల చదువు కోసం నడిచానని మాత్రం క్లాసందరికీ చెప్పాం. వేసవి సెలవులకి ముందు వారం టీచరమ్మ బోర్డు మీద 2,568 అని, కింద 84 అని రాసి, మైలుకి ఎంత పడిందో చెప్పమంది. అందరూ పుస్తకాల మీద వంగారు. వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ పెదాలు కదిపాడు. తర్వాత ఎవరూ పిలవకుండానే లేచి వెళ్ళి, మార్కర్ తీసుకుని 30 అని రాశాడు. మూడు కాస్త పక్కకి వాలింది. దాని పక్కన 48 అని రాసి నా వైపు తిరిగాడు.

"నలభై ఎనిమిది మిగిలింది మిస్. అది ఎవరికి?"